కాలరక్క కోపం

చొక్కాల మిల్లులో మా లైన్లో ముప్పై ఆరు కుట్టుమిషన్లుండేవి. పదిహేడో దాని మీద నేను చొక్కా చేతులకు కఫ్‌లు కుట్టేదాన్ని. పద్దెనిమిదో దాని మీద ఆవిడ కాలర్లు కుట్టేది. పంతొమ్మిదేళ్ళు కాలర్లే కుట్టడం వల్ల ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. అందరికీ కాలరక్క. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాడైన మా సూపర్‌వైజరుకి కూడా కాలరక్కే.

చొక్కా కుట్టడంలో కష్టమంతా కాలర్ దగ్గరే ఉంటుంది. రెండు మూలలూ తేడా లేకుండా రావాలి. లోపల పెట్టిన కాన్వాసు ముడత పడకూడదు. తిరగేసి మూల బయటికి లాగితే చిలక ముక్కులా నిలబడాలి. అక్క గంటకు నలభై కుట్టేది. పొద్దున వంచిన మెడ మళ్ళీ భోజనం గంట కొట్టినప్పుడే ఎత్తేది. అప్పుడు మెడ పట్టేసి, తల ఒక్కటే కాకుండా మనిషి మొత్తం పక్కకి తిరిగి మాట్లాడేది. కోపం ముక్కు మీదే ఉండేది. మిషన్‌కి నూనె వెయ్యడానికి వచ్చిన మెకానిక్ ఓసారి "కాస్త నవ్వండక్కా" అన్నాడు. "నూనె మిషన్‌కి వెయ్యి, నాకు కాదు" అంది. అతను ఆ వారమంతా మా వైపు రాలేదు.

సూపర్‌వైజరు బల్ల మీద ఒక రేకుపెట్టె ఉండేది. మొదట్లో అందులో దూది, గాయాల మందు, తలనొప్పి బిళ్ళలు, అంతే. ఒక ఏడాది విపరీతంగా ఆర్డర్లు వచ్చాయి. అప్పుడు పెట్టె పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బా వెలిసింది. నిండా తెల్లగా, పొడుగ్గా, మధ్యలో గీత ఉన్న బిళ్ళలు. అట్టా లేదు, పేరూ లేదు. పదకొండు గంటలకి ఒకసారి, మూడింటికి ఒకసారి ఆయన ఆ డబ్బా పట్టుకుని లైను వెంట నడిచేవాడు.

"మెడ నొప్పిగా ఉందా తల్లీ? ఇది వేసుకో. బండి ఆగకూడదు."

నిజం చెప్పాలి. ఆ బిళ్ళ బ్రహ్మాండంగా పనిచేసేది. అరగంటలో మెడనొప్పి పోయేది. దానితో పాటు అలసటా పోయేది, ఇంటి చికాకూ పోయేది, ఎదుటివాళ్ళ మాటలు దూది అవతల నుంచి వినబడేవి. ఒకటి రెండైంది, రెండు నాలుగైంది. నేను నాలుగు దగ్గర ఆగాను. అక్క పదకొండు దాకా వెళ్ళింది. ఇంటికి కూడా కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేవాడు. ఆవిడ ఆగితే లైను మొత్తం ఆగుతుంది కదా.

ఒకసారి కరెంటు తీగలు మార్చాలని నాలుగు రోజులు పని ఆపేశారు. అక్క దగ్గర పొట్లం మొదటి రోజే అయిపోయింది. రెండో రోజు నుంచి కళ్ళల్లో నీళ్ళు, ముక్కులో నీళ్ళు, ఆగని ఆవలింతలు, కడుపులో మెలిపెట్టడం. కాళ్ళ లోపల చీమలు పాకుతున్నట్టుండి నిలవనిచ్చేవి కావట. జ్వరమనుకుంది. ఐదో రోజు పనిలోకొచ్చి, డబ్బాలోంచి రెండు మింగింది. నేనూ మింగాను, నాకూ కాస్త అలాగే ఉంది మరి. అరగంటలో ఇద్దరం లేచి కూర్చున్నాం. అక్క మిషన్ ఆపి నా వైపు మనిషంతా తిరిగింది.

"ఇది జ్వరం కాదే."

"మరి?"

"జ్వరమైతే నీకూ నాకూ ఒకే నిమిషంలో తగ్గుతుందా?"

లేచి తిన్నగా సూపర్‌వైజరు బల్ల దగ్గరికెళ్ళి ఆ బిళ్ళ పేరేంటని అడిగింది. ఆయన తల కూడా ఎత్తలేదు. "పేరుతో నీకేం పని? నొప్పి తగ్గుతోందా లేదా?"

ఆ రోజే మానేస్తానని ఒట్టు పెట్టుకుంది. రెండో రోజు సాయంత్రానికి ఒట్టు గట్టు మీద పెట్టేసింది. ఇంకో రెండుసార్లు అలాగే జరిగింది. మూడోసారి మాత్రం భయపడింది. ఎవర్నైనా తిట్టి నెగ్గగలనని నమ్మిన మనిషికి, ఒక బిళ్ళ ముందు తన తిట్లు చెల్లకపోవడం ఏంటో అర్థం కాలేదు.

ముందు భర్తకి చెప్పింది. ఆయన ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసి రాసుకొచ్చే ఉద్యోగి. మంచివాడు. మంచివాడినని ఆయనకి బాగా తెలుసు, చిక్కంతా అక్కడే. "నేను తాగను, పొగ పీల్చను, చివరికి కాఫీ కూడా ముట్టను. నేనేం తక్కువ చేశానని నువ్విలా..." అని మొదలుపెట్టాడు.

"ఏవండీ, నేను చెబుతున్నది నా గురించి" అంది అక్క. ఆయనకది ఎక్కలేదు. తన మర్యాద ఏమవుతుందనే ఆలోచనలోనే ఉండిపోయాడు.

బస్టాపులో ఒక పోస్టరుండేది, వ్యసనాల నుంచి బయటపడటానికి ఒక్క ఫోన్ చాలని. భోజనాల వేళ మిల్లు వెనక పెరట్లో నిలబడి ఆ నంబరుకి చేసింది. పక్కనే నేనున్నాను. ఫోన్ గట్టిగానే వినబడుతోంది.

"చెప్పండమ్మా. మీవారు ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నారు?"

"మావారు తాగరు."

"పోనీ తమ్ముడా?"

"తమ్ముడు లేడు. నాకే కావాలి. నేనే బిళ్ళలు మింగుతున్నా."

అవతల కాసేపు కాగితాలు తిప్పుతున్న చప్పుడు. "భార్యలకి మంగళవారం విడిగా క్లాసుందమ్మా. తాగే భర్తతో ఓర్పుగా ఎలా మెలగాలో చెబుతారు. రాసుకోమంటారా?"

"మా ఆయన తాగితే గానీ నన్ను బాగుచెయ్యరా మీరు?" అని అరిచి ఫోన్ పెట్టేసింది. పెరట్లో క్యారేజీలు కడుక్కుంటున్నవాళ్ళు అటు తిరిగి చూశారు. నాకు నవ్వొచ్చింది. అక్క మొహం చూసి నవ్వు మింగేశాను.

తర్వాత పెద్దాసుపత్రికి వెళ్ళాం. ఇద్దరం సగం రోజు సెలవు పెట్టాం. వ్యసనాల వార్డు భవనం చివర ఉంటుంది. ఇనుప గేటు దగ్గర ఒకతను స్టూలు మీద కూర్చున్నాడు.

"పేషెంటెక్కడమ్మా?"

"ఇక్కడే" అంది అక్క.

అతను అక్క భుజం మీంచి వెనక్కి తొంగి చూశాడు, నన్ను చూశాడు, నా వెనక గోడ చూశాడు. "వెంట తీసుకురాకుండా ఎలాగమ్మా? ఒప్పించి తీసుకురండి."

లోపల డాక్టరు మర్యాదస్తుడే. ఇరవై మంచాలున్నాయి, అన్నీ మగవాళ్ళవే అని వివరంగా చెప్పాడు. ఆడవాళ్ళని చేర్చుకోవడానికి విడిగా గది కావాలి, స్నానాలగది కావాలి, ఆయా కావాలి. అవి లేవు. ఎందుకు లేవంటే, ఆడవాళ్ళు మామూలుగా రారు కాబట్టి.

"వచ్చినవాళ్ళని గేటు దగ్గరే తిప్పి పంపిస్తుంటే ఎలా వస్తారండీ?"

ఆయన చిన్నగా నవ్వి, ఒక చీటీ మీద రెండు నెలల తర్వాతి తేదీ రాసిచ్చాడు. బయటికొచ్చాక అక్క ఆ చీటీని మడిచి, ఇంకా మడిచి, గోరంత చేసింది. చించలేదు. పళ్ళు కొరుకుతున్న చప్పుడు నాకు వినబడింది.

మూడోచోటికి ఒక్కతే వెళ్ళింది. ఎవరో పెద్దాయన ఉచితంగా నడిపే ఆశ్రమం. అక్కడ జరిగింది తర్వాత నాకు చెప్పింది. కళ్ళు మూసుకోమన్నాడట. ఆడది ఇంటికి దీపం అన్నాడట. పిల్లల మొహాలు తలుచుకోమన్నాడట.

"నాకు పిల్లల్లేరండీ."

"అదీ సంగతి. అందుకే తల్లీ ఇదంతా."

అక్క లేచింది. లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. "నా మెడ విరిగి బిళ్ళలు అలవాటయ్యాయి. అవి పెట్టినవాడికి ముగ్గురు పిల్లలు. వాణ్ణి పిలిచి కళ్ళు మూసుకోమనండి" అని వచ్చేసింది. ఆ సాయంత్రం ఎన్ని మింగిందో లెక్క లేదు. చెప్పడానికేం, ఆ వారం నేనూ నాలుగు దాటాను.

పది రోజుల తర్వాత, తెల్ల చొక్కాల ఆర్డరు నడుస్తోంది. అక్క మిషన్ చప్పుడులో ఏదో తేడా వినబడి తల తిప్పాను. ఎడమచేతి చూపుడువేల్లోకి సూది దిగింది. వేలిని గుచ్చి, గోరులోంచి కిందికి దిగి, ముక్క లోపలే విరిగి, మళ్ళీ పైకి లేచింది. అక్క ఇంకా కాలర్ ముందుకి తోస్తూనే ఉంది. ఆవిడకి తెలియలేదు. తెల్లబట్ట మీద ఎరుపు పాకుతుంటే, అది ఎవరిదా అన్నట్టు చూసింది. నేను కేకపెట్టి మిషన్ స్విచ్ ఆపేశాను.

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. వేలు చూడలేదు, బట్ట చూశాడు. "ఎన్ని పాడయ్యాయి?" అన్నాడు.

అక్క ఆయన వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. ఆవిడ నోరు మూసుకోగా అదే మొదటిసారి చూశాను.

వీధి చివర చిన్న డిస్పెన్సరీకి తీసుకెళ్ళాను. కట్టుకట్టే నర్సు గోరు కింద విరిగిన సూదిముక్క లాగుతూ అక్క మొహం చూసింది, మళ్ళీ వేలు చూసింది. అక్క కనురెప్ప కూడా వెయ్యలేదు.

"నొప్పి తెలియట్లేదా? ఏం వేసుకుంటున్నావమ్మా?"

నువ్వేం వేసుకుంటున్నావు. ఇన్నాళ్ళకి ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. అక్క చెప్పింది. నర్సు మెట్ల వైపు చూపించింది. "పైన కౌన్సెలర్ మేడమ్ ఉంటారు. గురువారాలే వస్తారు. ఇవాళ గురువారమే, వెళ్ళు."

ఆ గది మామూలు గది కాదు, పాత సామాన్ల కొట్టు. మూల పాడైపోయిన బరువు చూసే యంత్రాలు, ఒక బల్ల, రెండు స్టూళ్ళు, మూతపడని కిటికీ. మేడమ్‌కి యాభై దాటుంటాయి. ఆయాసం వల్ల మాట మాటకీ ఆగుతుంది. పెన్ను రాయక విదిలిస్తోంది.

"రోజుకెన్ని?"

"పదకొండు. ఒక్కోసారి ఎక్కువ."

"ఇవాళ?"

"పొద్దుటి నుంచి ఐదు."

అయ్యో అనలేదు, రాసుకుంది. ఎప్పుడు మొదలైంది, ఎవరిచ్చారు, ఆపినప్పుడు ఏమైంది, నిద్ర ఎలా ఉంది, ఇంట్లో ఎవరెవరున్నారు, ఒకదాని తర్వాత ఒకటి అడిగింది. అక్క ఓపిక పట్టి పట్టి చివరికి, "నన్ను తిట్టరా మీరు?" అంది.

"తిడితే తగ్గుతుందా? తగ్గేట్టయితే చెప్పు, తిడతాను."

అక్కకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేను ఏడవట్లేదు, నాకు కోపంగా ఉంది" అంది గట్టిగా.

"ఉండాల్సిందే" అంది మేడమ్. అక్క మాట్లాడింది. పోస్టరూ, గేటూ, పెద్దాయనా, రక్తం మరకా, అన్నీ. ముప్పావుగంట. మేడమ్ మధ్యలో ఒకసారి మంచినీళ్ళు తాగింది తప్ప అడ్డు రాలేదు. తర్వాత చెప్పాల్సినవి చెప్పింది. ఒక్కసారిగా ఆపకూడదు, కింద డాక్టరు చూసి కొద్దికొద్దిగా తగ్గిస్తారు, దీనికి మందుంది, ఇది సిగ్గుపడాల్సింది కాదు, సాహసం చెయ్యాల్సిందీ కాదు. ప్రతి గురువారం రావాలి. ఆ బిళ్ళ ఒకటి తెచ్చి చూపించాలి. ఇంట్లో నమ్మకమైనవాళ్ళ చేతికి మందు అప్పజెప్పాలి.

మర్నాడు బిళ్ళ తీసుకెళ్ళి చూపిస్తే, డాక్టరు దాన్ని కాగితం మీద పెట్టి చాలాసేపు చూసి, పేరు చెప్పాడు. అది చీటీ లేకుండా ఎవరికీ ఇవ్వకూడని మందట. ఆ మాట విన్న దగ్గర్నుంచి అక్క కోపానికి ఒక దిక్కు దొరికింది. అప్పటిదాకా సగం తన మీదే ఉండేది.

మందు దాచే పని మొదట భర్త తీసుకున్నాడు. వారం కూడా నిలవలేదు. పొద్దునా సాయంత్రం డబ్బా తీసి మీటర్ చూసినట్టు చూసి, గోడ క్యాలెండర్ మీద అంకెలు వేసేవాడు. ఫోన్లో అన్నగారికి, "నిన్నటికంటే అర ఎక్కువ అడిగిందన్నయ్యా" అని అప్పజెప్పేవాడు. అక్క డబ్బా లాక్కుని గోడకేసి కొట్టబోయింది.

అప్పటిదాకా వసారాలో కూర్చుని ముక్కుపొడుం పీలుస్తున్న అత్తగారు లేచొచ్చి, కొడుకు చేతిలోంచి డబ్బా తీసుకుంది. ఆవిడ ఈ విషయం మీద అంతకుముందు ఒక్క మాటా అనలేదు. మనసులో ఏదో పెట్టుకుందని అక్క అనుకునేది.

"నువ్వు తప్పుకో. కాఫీ కూడా అలవాటు లేనివాడివి, నీకేం తెలుస్తుంది? నేను నలభై ఏళ్ళ నుంచి ఈ పొడుం పీలుస్తున్నా. ఎన్నిసార్లు డబ్బా చెత్తలో పారేశానో, ఎన్నిసార్లు మళ్ళీ వెళ్ళి ఏరుకున్నానో నాకు తెలుసు."

"మరెప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా?"

"ఎవరడిగారు?"

ఆ రోజు నుంచి డబ్బా ఆవిడ బొడ్లోనే. డాక్టరు చెప్పిన వేళకి చెప్పినన్నే. ఒంట్లో పీకులాట ఎక్కువైన రోజుల్లో అక్క ఇంకొకటివ్వమని మీదికెళ్ళేది. అత్తగారు తగ్గేది కాదు. కోడలు ఒకటంటే ఆవిడ నాలుగనేది. పాత తగాదాలన్నీ, పెళ్ళినాటి మాటలన్నీ బయటికొచ్చేవి. గంటసేపు వీధంతా వినేలా పోట్లాడుకుని, ఇద్దరి గొంతులూ బొంగురుపోయేసరికి, ఆ పీకులాట కాస్త దాటిపోయేది. అప్పుడు అత్తగారు, "ముసలిదాన్ని చంపేశావు పో, మంచినీళ్ళివ్వు" అనేది.

అలా మూడో నెలకి సగానికి సగం తగ్గింది. సరిగ్గా అప్పుడే మళ్ళీ పెద్ద ఆర్డరు. సూపర్‌వైజరు డబ్బా పట్టుకుని లైను వెంట వచ్చాడు. ఇరవయ్యో మిషన్ మీద కొత్తగా చేరిన అమ్మాయి, గుండీలు కుడుతుంది, పెళ్ళయి నాలుగు నెలలు. ఆమె అరచెయ్యి చాపింది.

అక్క లేచింది.

"తీసుకోకు. సార్, దీని పేరేంటో ఆ అమ్మాయికి చెప్పి ఇవ్వండి."

"నీ పని నువ్వు చూసుకో కాలరక్కా."

"నాకు పేరు తెలుసు. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదనీ తెలుసు. నా వేలికి సూది దిగితే నాకెందుకు తెలియలేదో ఆ పిల్లకి చెప్పండి."

ఆయన ఏదో అనేలోపు డబ్బా లాక్కుని, గది తుడిచే బకెట్లో తలకిందులు చేసింది. బిళ్ళలన్నీ నల్లనీళ్ళలో పడ్డాయి.

ఇలాంటప్పుడు మిషన్లన్నీ ఆగిపోయాయని చెబితే బాగుంటుంది. ఆగలేదు. ఆరో ఏడో ఆగాయి. నాది ఆగలేదు. నాకు మూడింటి బిళ్ళ ఇంకా అందలేదు. ఆ బకెట్ వైపు చూస్తుంటే నాకు అక్క మీద ఒళ్ళు మండిపోయింది. అంత దగ్గరగా అన్నీ చూసినదాన్ని, అయినా మండిపోయింది. ఆ సాయంత్రం బస్సులో కూర్చుని, నాకూ వచ్చింది ఇదే జబ్బని ఒప్పుకున్నాను. తర్వాతి గురువారం అక్క వెనకాలే మెట్లెక్కాను.

అక్కని కాలర్ల మిషన్ మీంచి తీసేసి, గోదాములో దారప్పోగులు కత్తిరించే పనిలో కూర్చోబెట్టారు. రెండు నెలలు మూలలు వంకరపోయిన చొక్కాలు పెట్టెలు పెట్టెలుగా వెనక్కొచ్చాయి. అప్పుడు మేనేజరు పిలిపించాడు. అక్క నిలబడే మాట్లాడింది. డబ్బా మళ్ళీ కనబడకూడదు, మధ్యమధ్యలో మెడ తిప్పుకోవడానికి పది నిమిషాలివ్వాలి. అక్క మళ్ళీ కాలర్ల మీదికొచ్చింది, డబ్బా పోయింది. పది నిమిషాలు ఐదయ్యాయి. సూపర్‌వైజరు మాత్రం ఆ బల్ల వెనకే ఉన్నాడు. ఆయన మీద అక్క ఇచ్చిన ఫిర్యాదు విచారణలో ఉందంటారు, అడిగినప్పుడల్లా.

ఏడో నెలలో ఒకసారి తప్పింది. భుజం నొప్పి భరించలేక మందులషాపులో ఎలాగో మూడు సంపాదించి మింగింది. గురువారం స్టూలు మీద కూర్చుని తన చెంపలు తనే వాయించుకోబోయింది. మేడమ్ చెయ్యి పట్టుకుని ఆపి, "ఏ రోజు? ఆ రోజు ఏం జరిగింది?" అని పెన్ను విదిలించింది. మళ్ళీ కింద డాక్టరు దగ్గరికి పంపింది. నెల తిరిగేసరికి దారిలో పడింది. పూర్తిగా ఆపేసి ఇప్పటికి పద్నాలుగు నెలలు. నేను ఆపి తొమ్మిది నెలలు. మా లైను నుంచి ఆ గదికి వెళ్ళేవాళ్ళం ఏడుగురం. మెడలు ఇంకా నొప్పి పెడతాయి. వేడినీళ్ళ కాపడం, మేడమ్ నేర్పిన వ్యాయామం, కొన్నాళ్ళు ఓర్పు, కొన్నాళ్ళు తిట్లు.

ఐదు నెలల కిందట ఆరోగ్యశాఖవాళ్ళు సభ పెట్టి, అక్కని గెలుపు కథ చెప్పమన్నారు. అక్క మైకు పట్టుకుని, "నేను గెలవలేదు, నన్ను మా ఇంటితో కలిపి నాలుగు తలుపుల దగ్గర్నుంచి తోలేశారు, ఐదో తలుపు దొరికింది" అని మొదలుపెట్టింది. ఆడవాళ్ళకి మంచాలెప్పుడు వేస్తారని అడిగేసరికి మైకు పనిచెయ్యడం మానేసింది. అక్క గొంతుకి మైకు అవసరం లేదు. వెనక వరసదాకా వినబడింది. వేదిక మీద అధికారి లేచి, అర్జీ పెట్టుకోమని నచ్చజెప్పాడు.

పెట్టాం. నేను రాశాను, ఏడుగురం సంతకాలు చేశాం. నాలుగు నెలలైంది. ప్రతి నెలా రెండో సోమవారం వచ్చిందంటే ఇద్దరం ఆ ఆఫీసుకి వెళ్తాం. మొన్న వెళ్ళినప్పుడు గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకుని, "మళ్ళీ వచ్చారా?" అన్నాడు.

"ఫైలు ఏ బీరువాలో ఉందో చెప్పండి" అంది అక్క. "మీరు లేవక్కర్లేదు. నేనే తీస్తాను."